అర మిల్లీ సందు

నవంబర్ 1, శనివారం

స్పేర్ పార్టుల షాపువాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. పది నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఇవాళ తెరవడానికి కారణం మా ఆవిడ. "మీ బావ మీద కోపం నా మీద చూపించకండి. కావాలంటే ఏ కాగితం మీదో రాసుకోండి, అదైతే ఎదురు మాట్లాడదు" అంది. సరే, రాస్తున్నాను.

బావ బండి మళ్ళీ వచ్చింది. నెలలో రెండోసారి. అదే జబ్బు. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు బాగానే ఉంటుందట. అరగంట తిరిగేసరికి ఎవరో వెనక నుంచి పట్టి లాగుతున్నట్టు బరువెక్కుతుందట, చక్రాల దగ్గర మాడు వాసన వస్తుందట. చల్లారాక మళ్ళీ మామూలే. మొదటిసారే అంతా విప్పి చూశాను. బూస్టర్ డబ్బాలో రబ్బరు కొత్తది, స్ప్రింగు కొత్తది, ఇంజను గాలి పీల్చుకునే పైపులో చీమ దూరేంత లీకు కూడా లేదు. పాత కార్ల వాక్యూమ్ బ్రేకులు ఈ ఊళ్ళో విప్పి బిగించేవాణ్ణి నేనొక్కడినే. అందుకే నా పేరు మరిచిపోయి అందరూ డబ్బా మేస్త్రీ అంటారు. ఆ డబ్బా కాలి బలాన్ని నాలుగింతలు చేస్తుంది. కాలు ఊరికే ఆనించినా చాలు, బ్రేకు పట్టేస్తుంది. మరి తప్పు డబ్బాది కాకపోతే ఎవరిది?

అదే అన్నాను. "బావా, నీ కాలు బ్రేకు మీదే నిద్రపోతోంది. ముందు దాన్ని లేపు, బండి దానంతటదే బాగుపడుతుంది."

షెడ్డులో అప్పుడు నలుగురున్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బావ నవ్వలేదు. ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపి, ఎవరికీ ఒక్క గీత పడకుండా రిటైరైన మనిషి. తన కుడికాలి వంక ఒకసారి చూసుకుని బండెక్కాడు. పక్క సీట్లో ఉన్న అక్క నా వైపు చూడనే లేదు.

బావాబావమరుదులన్నాక ఆ మాత్రం పరాచికాలు ఉండవా? చిన్నప్పుడు బావ నన్ను ఎన్నిసార్లు ఏడిపించలేదు?

మామగారైతే బ్రేకు పని చేసిన ప్రతి బండిలోనూ పక్కన కూర్చుని అరగంట తిరిగొచ్చేవారు. బ్రేకు ముట్టుకున్నవాడే మొదటిసారి పక్కన కూర్చోవాలని ఆయన పద్ధతి. ఆయన మా ఆవిడ నాన్న, నాకు పని నేర్పిన గురువు. నేనూ చాలా ఏళ్ళు అలాగే చేశాను. ఇప్పుడంత తీరిక ఎక్కడిది?

సాయంత్రం రేకు తుడిచి పెట్టెలో పెట్టాను. ప్రతి శనివారం పని ముగిశాక అది తుడవడం నా అలవాటు. వేలెడంత ఇత్తడి ముక్క. ఇరవై రెండేళ్ళ కిందట బల్ల నాకు అప్పగిస్తూ మామగారు నా చేతిలో పెట్టారు. డబ్బాలోంచి వచ్చే రాడ్డుకీ, అది నెట్టే పిస్టనుకీ మధ్య సరిగ్గా ఈ రేకు దూరేంత సందుండాలి. అర మిల్లీ. ఎక్కువైతే పెడల్ లోతుకి పోతుంది, తక్కువైతే బ్రేకు వదలదు. మెత్తటి ఎమరీ కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే రేకు బంగారంలా మెరుస్తుంది. అది చూస్తే మామగారు బల్ల దగ్గరే ఉన్నట్టుంటుంది నాకు.

నవంబర్ 3, సోమవారం

డాక్టరుగారి ఆకుపచ్చ కారు వచ్చింది. బరువెక్కుతోందట. వాసనట. పెద్దాయన, కాలు కాస్త బరువై ఉంటుంది. బ్రేక్ ఆయిల్ మార్చి పంపించాను.

నవంబర్ 4, మంగళవారం

నా చేతిలో తప్పు లేదు.

నవంబర్ 6, గురువారం

అక్క ఫోన్ చేసింది. పలకరింపులేమీ లేవు.

"ఒరేయ్, ఆయన పొద్దున్నే వెళ్ళి బండిలో కూర్చుంటున్నారు. స్టార్ట్ చెయ్యరు. కాలెత్తుతారు, దించుతారు, మళ్ళీ ఎత్తుతారు. నిన్న మార్కెట్‌కి వెళ్తూ, 'నా కాలు చూస్తూ ఉండు, బ్రేకు మీదికి వెళ్తే చెప్పు' అన్నారు. దారంతా తల వంచుకుని ఆ కాలే చూశాను. మెడ పట్టేసింది."

"మరి వెళ్ళిందా?"

"వెళ్ళలేదు. ఆ మాటే చెప్తే, 'నీకు కనపడి ఉండదు, మీ తమ్ముడు పని తెలిసినవాడు, ఊరికే అనడు' అంటున్నారు."

పదహారో తారీకున పాత కార్ల వాళ్ళంతా కొండ మీదికి వెళ్తున్నారు, పదకొండు కార్లు. బావది కూడా. తుక్కు కింద కొన్న కారుని ఆరేళ్ళు కూర్చుని నిలబెట్టుకున్నాడు, ఈ రోజు కోసమే. అక్క పక్కన కూర్చుంటుంది. ఎక్కడానికి ఇబ్బంది లేదు, ఇంజను చూసుకుంటుంది. దిగడమే, తొమ్మిది కిలోమీటర్లు, పద్నాలుగు మలుపులు. పట్టిన బ్రేకు వదలకపోతే చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములు కాలిపోతాయి, లోపల ఆయిల్ మరుగుతుంది, ఉన్నట్టుండి పెడల్ నేలకంటా పోతుంది. ఆ తర్వాత ఎంత గట్టిగా తొక్కినా ఒకటే.

"కాలు జాగ్రత్తగా పెట్టుకోమని చెప్పు" అన్నాను అక్కతో.

రాసి చదువుకుంటే ఆ మాట బాగాలేదు.

నవంబర్ 8, శనివారం

ఫోటో స్టూడియో ఆయన కారు. అదే జబ్బు.

"ముగ్గురికీ ఒకేసారి కాళ్ళు బరువెక్కాయా?" అంది మా ఆవిడ వడ్డిస్తూ. నీకు తెలియని విషయాల్లో తల దూర్చకు అన్నాను. ఆవిడ పుట్టిందే డబ్బాల మధ్య. నాకంటే ముందు ఆవిడకే తెలుసు ఇదంతా. అయినా అన్నాను.

ఆ కారు డబ్బా విప్పాను. లోపల అంతా అద్దంలా ఉంది. రేకు పెట్టి చూశాను. ఎంత పట్టుగా దూరాలో అంత పట్టుగానే దూరింది. రేకు దూరాక ఇంక మాట్లాడేదేముంది?

సాయంత్రం రేకు తుడిచాను. ఇవాళ కాస్త ఎక్కువసేపే రుద్దాను. చెయ్యి ఊరుకోలేదు.

నవంబర్ 10, సోమవారం

పక్కవీధి లేత్ మెషీన్ ఆయన ఒక బుష్ తెచ్చి ఇవ్వడానికి వచ్చాడు. చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట మైక్రోమీటర్ పెట్టుకు తిరిగే మనిషి. చేతికేది దొరికినా కొలుస్తాడు. బిస్కెట్టిచ్చినా మందం చూసుకునే తింటాడని మా ఆవిడ వెక్కిరిస్తుంది. మాటల్లో ఉండగా బల్ల మీది రేకు తీసి దాని దవడల మధ్య పెట్టాడు.

"ఇదెంత ఉండాలి మేస్త్రీ?"

"అర మిల్లీ. మా మామగారు తన చేత్తో చేసింది."

"పాయింట్ మూడు అయిదే చూపిస్తోందే."

"నీ మైక్రోమీటర్ ఎక్కడో కింద పడేసి ఉంటావు."

ఆయన ఇంకోసారి కొలిచి, రేకు తిప్పి చూశాడు. "దీని మీద ఏదో నంబర్ గీసి ఉండేది కదా?"

ఉండేది. మామగారు సూదిమొనతో యాభై అని గీశారు, మిల్లీని నూరు భాగాలు చేస్తే యాభై అని. అది ఎప్పుడు చెరిగిపోయిందో నాకు గుర్తు లేదు.

లేత్ ఆయన మైక్రోమీటర్ పాడైంది. అంతే.

నవంబర్ 11, మంగళవారం

పొద్దున్నే వెళ్ళి సందు కొలిచే స్టీలు ఆకుల సెట్టు కొత్తది కొన్నాను. ఆకు ఆకుకీ మందం అచ్చు వేసి ఉంటుంది. షెడ్డు షట్టర్ సగానికి దించి, ఇంకా ఇక్కడే ఉన్న స్టూడియో ఆయన కారులో అర మిల్లీ ఆకు పెట్టాను. దూరలేదు. మళ్ళీ పెట్టాను. దూరలేదు. ఒక్కో ఆకూ తగ్గించుకుంటూ వచ్చాను. పాయింట్ మూడు అయిదు దూరింది, పట్టుగా.

ఇరవై రెండేళ్ళు. వారానికి నాలుగు రుద్దులు.

ఏడాదికేడాదీ వెంట్రుకవాసి తగ్గుతూ వచ్చిందన్నమాట. ఇన్నాళ్ళూ చెల్లింది, ఇప్పుడు చెల్లలేదు. చల్లగా ఉన్నప్పుడు సందు ఉన్నట్టే ఉంటుంది. వేడెక్కగానే రాడ్డు వెళ్ళి పిస్టన్‌ని నెట్టుకుని కూర్చుంటుంది. బ్రేకు పూర్తిగా వదలదు.

ఎవరి కాలూ నిద్రపోలేదు.

నవంబర్ 12, బుధవారం

ఈ ఏడాది బిగించినవి ఈ మూడే. స్టూడియో ఆయన కారు సరిచేసి ఇచ్చేశాను. డాక్టరుగారికి ఫోన్ చేసి, "కొండకి వెళ్తున్నారు కదా, ముందు ఒకసారి ఉచితంగా చూస్తాను తీసుకురండి" అన్నాను. ఆయన మురిసిపోయి గంటలో వచ్చారు. అది కూడా సరిచేశాను. ఇద్దరికీ ఏమీ చెప్పలేదు. బాగయ్యాక చెప్పాల్సిన పనేముంది?

బావ ఫోన్ ఎత్తడం లేదు. కోపం ఇంకా చల్లారలేదు కాబోలు.

నవంబర్ 13, గురువారం

బావ పొద్దున నడకకి వెళ్తాడని నాకు తెలుసు. ఆ వేళకి రెండు స్పానర్లు, కొత్త ఆకులు సంచిలో వేసుకుని అక్కావాళ్ళింటికి వెళ్ళాను. కారు వాకిట్లోనే ఉంది. ఆ పిస్టను ఉండే మాస్టర్ సిలిండర్ రెండు బోల్టులు వదులు చేసి, రాడ్డు చివర నట్టు కొంచెం తిప్పితే చాలు. ఎవరికీ తెలియకుండా ముప్పావుగంటలో అయిపోతుంది. దొంగలా బానెట్ ఎత్తాను.

"ఏం చేస్తున్నావురా?"

అక్క గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో తడిబట్టలు.

"ఏం లేదక్కా. ఊరికే ఒకసారి చూద్దామని."

"ఏం చూస్తావ్? తప్పు ఆయన కాలుదన్నావు కదా. కాలుది తప్పైతే కారునేం చూస్తావ్?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఎదురుగా ఉన్నది అక్క ఒక్కతే. అయినా చెప్పలేకపోయాను.

"ఆయన్ని అడక్కుండా ఆ కారు ముట్టుకోకు" అని బానెట్ తనే దించింది. తడిచేతుల గుర్తులు బానెట్ మీద పడ్డాయి. వచ్చేశాను.

నవంబర్ 14, శుక్రవారం

మా ఆవిడకి దొరికిపోయాను. బల్ల సొరుగులో కొత్త ఆకులు చూసింది. పక్కనే గుడ్డలో చుట్టి దాచిన రేకు చూసింది. నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. రేకుని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకి తిప్పి చూసింది.

"నాన్న దీన్ని గుడ్డతో తుడిచేవారు" అంది. "ఎమరీ ఎప్పుడూ పెట్టలేదు."

"మెరవాలని పెట్టాను."

"నాన్న చేతిలో ఇది ఎప్పుడూ మెరవలేదండి."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆయన మీద గౌరవంతోనే చేశానని చెప్పబోయాను. నిజమే అది. కానీ షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ ఆ మెరుపు చూపించి గొప్పలు చెప్పుకున్నదీ నిజమే. ఆయనకి తగ్గ శిష్యుణ్ణని నలుగురూ అనుకోవాలని నా యావ.

"వెళ్ళి చెప్పండి" అంది.

రేపు.

నవంబర్ 15, శనివారం

రేకు తుడవలేదు. అది మా ఆవిడ దగ్గరే ఉంది.

సాయంత్రం బావ ఇంటికి వెళ్ళాను. చెప్పే మాటలు దారిలో మూడుసార్లు అనుకున్నాను. బావ ప్యాంటు మడిచి, చెప్పుల్లేకుండా కారు కడుగుతున్నాడు. నన్ను చూసి పైపు కింద పెట్టేశాడు.

"నీ ఫోన్ ఎత్తలేదని ఏమనుకోకురా. సిగ్గేసింది. అంతమందిలో నువ్వనేదాకా నాకే తెలియకపోయింది చూడు. వయసైపోతే కాలు మాట వినదేమో." మళ్ళీ తనే నవ్వాడు. "రేపు చెప్పుల్లేకుండా నడుపుతాను. పెడల్ తగిలితే కాలికి తెలుస్తుంది కదా."

కోపమనుకున్నాను ఇన్నాళ్ళూ. నా మాట నమ్మి సిగ్గుపడుతున్నాడు ఈ మనిషి.

నేను, "మంచిది బావా" అన్నాను.

మంచిది బావా. అదీ నేనన్నది.

నవంబర్ 16, ఆదివారం

రాత్రి బాగా పొద్దుపోయింది. అయినా ఇవాళే రాయాలి.

పొద్దున మా ఆవిడ లేపలేదు. నేను లేచేసరికి రేకు నా చొక్కా జేబులో పెట్టి, ఆ చొక్కా కుర్చీ మీద వేసి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. టీ కూడా ఇవ్వలేదు. వ్యాన్ తీశాను. అప్పటికే కార్లు బయల్దేరి గంట దాటింది.

కొండ సగం ఎక్కేసరికి ఎదురుగా మొదటి కారు దిగుతూ కనిపించింది. బావది మీగడ రంగు కారు. ఇది నీలం. ఇంకో మలుపు, ఇంకో కారు, ఎరుపు. నా వ్యాన్ ఎక్కలేక మూలుగుతోంది. మూడోది దిగుతుంటే ఎండలో తెల్లగా కనిపించింది, మీగడ రంగే అనుకున్నాను. కాదు. ఆ ఒక్క నిమిషంలో అక్క తడిచేతుల గుర్తులు, బావ చెప్పుల్లేని కాలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. నాలుగోది కూడా కాదు.

పైకి చేరేసరికి మిగిలిన వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నారు. బావ కారు అందరికంటే చివర ఉంది. తన కాలు బ్రేకు మీద పడితే వెనకవాళ్ళకి ఇబ్బందని, చివరగా దిగుతానని తనే అడిగి వెనక పెట్టించుకున్నాడట. అక్క పక్క సీట్లో కూర్చుని ఉంది. తల అప్పుడే వంచుకుంది, కాలు చూడ్డానికి.

వ్యాన్ దిగి నేరుగా వెళ్ళి కారు ముందు నిలబడ్డాను.

"బావా, కొండ దిగకు. నీ కాలుది తప్పు కాదు. నాది."

డాక్టరుగారు, స్టూడియో ఆయన, మిగతా వాళ్ళు అందరూ ఇటు తిరిగారు. మొదటి రోజు నవ్విన నలుగురిలో ఇద్దరు అక్కడే ఉన్నారు. జేబులోంచి రేకు తీసి చూపించాను. అర మిల్లీ ఉండాల్సింది నేను రుద్ది రుద్ది అరగదీశానని, దాన్ని నమ్మి మూడు కార్లు బిగించానని, మొత్తం చెప్పాను.

"అందుకా మొన్న ఉచితంగా చూస్తానన్నావు?" అన్నారు డాక్టరుగారు.

"అవునండి."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టేశారు. స్టూడియో ఆయన నా మొహం చూడకుండా వెళ్ళి తన కారు బానెట్ ఎత్తి లోపలికి చూస్తూ నిలబడ్డాడు.

బావ అడిగింది ఒకటే. "నీకెప్పుడు తెలిసింది?"

"మంగళవారం."

"నిన్న నేను కారు కడుగుతుంటే వచ్చావు."

"అవును బావా."

బావ దిగి బానెట్ ఎత్తి పక్కకి జరిగాడు. అక్క కూడా దిగి అవతలివైపు వెళ్ళి నిలబడింది. ముప్పావుగంట పట్టింది. నట్టు తిప్పుతుంటే వేళ్ళు నా మాట వినలేదు. అర మిల్లీ ఆకు దూరింది. నాలుగుసార్లు పెట్టి తీశాను. నాలుగుసార్లూ దూరింది.

అప్పుడు మామగారి పద్ధతి గుర్తొచ్చి, వ్యాన్ పైనే వదిలేసి, అడక్కుండానే వెళ్ళి బావ పక్కన కూర్చున్నాను. అక్క వెనక ఎక్కింది. కారు మొదటి మలుపులోనే చెప్పింది, బాగున్నానని. తొక్కితే పట్టింది, వదిలితే వదిలింది. కిందికి చేరాక దిగి నాలుగు డ్రమ్ముల దగ్గరా అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉన్నాయంతే.

"బండి బాగయింది" అన్నాడు బావ.

బండి బాగయింది. పద్నాలుగు మలుపుల్లో పద్నాలుగుసార్లు బావ రోడ్డు మీంచి చూపు తిప్పి తన కాలి వంక చూసుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా చూసుకుని ఉండడు. ఆ చూపు నేను పెట్టిందే. దాన్ని సరిచెయ్యడానికి నా సంచిలో ఏ స్పానరూ లేదు.

నవంబర్ 17, సోమవారం

షెడ్డుకి ఎవరూ రాలేదు. లేత్ ఆయన మాత్రం వచ్చి కాసేపు కూర్చుని, ఏదీ కొలవకుండా వెళ్ళిపోయాడు.

నవంబర్ 22, శనివారం

పని ముగిసింది. శనివారం ఈ వేళకి చేతులకేం తోచలేదు. బావ ఇంటికి వెళ్ళాను.

"కారు తియ్యి బావా, ఒక చుట్టు తిరిగొద్దాం."

"ఎందుకురా, బాగానే ఉంది కదా."

"ఉంటే ఉండనీ. తియ్యి."

లోపలికి వెళ్ళి తాళం తెచ్చాడు. చెప్పులు వేసుకోలేదు. ఊరి చుట్టూ అరగంట. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. పదకొండుసార్లు కాలి వంక చూసుకున్నాడు.

నవంబర్ 29, శనివారం

తొమ్మిది. అక్క వెనక సీట్లో నిద్రపోయింది.

డిసెంబర్ 6, శనివారం

తొమ్మిదే. వర్షం పడింది, అందుకేనేమో. తిరిగొచ్చాక అక్క టీ ఇచ్చింది. మొదట బావకి, తర్వాత నాకు. ఇచ్చింది, అది చాలు.

డిసెంబర్ 13, శనివారం

నాలుగు. చెప్పులు వేసుకున్నాడు.

డాక్టరుగారు ఫోన్ చేసి, కారు ఒకసారి చూడాలి, కానీ చూసేటప్పుడు తను పక్కనే నిలబడతానన్నారు. నిలబడండి అన్నాను.

డిసెంబర్ 20, శనివారం

ఇవాళ పెద్ద రోడ్డు మీదికి తీసుకెళ్ళాడు. మార్కెట్ దాటాం, వంతెన దాటాం, సిగ్నల్ దగ్గర ఒకడు అడ్డమొస్తే బావ మామూలుగా తొక్కి, మామూలుగా వదిలి, వాణ్ణి నాలుగు తిట్టి ముందుకి పోనిచ్చాడు. నేను కళ్ళార్పకుండా లెక్క కోసం చూస్తూనే ఉన్నాను. ఇంకా ఒకటి కూడా రాలేదు.

"ఏరా" అన్నాడు బావ, చూపు రోడ్డు మీంచి తిప్పకుండానే. "నా కాలి వంక ఏం చూస్తావ్? రోడ్డు చూడు."

వెనక నుంచి అక్క నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. రోడ్డే చూశాను, ఇల్లు చేరేదాకా.